పానాల పెట్టెకు అద్దాల ముడి

మానుకోటలో నన్ను బుచ్చయ్య సేటు అంటారు. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాస్తారు గానీ మాకు మా ఊరు మానుకోటే. కిరాణా టోకు వ్యాపారం మాది. పసుపు, మిర్చి, చింతపండు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, అందులో దాచుకునేదేం లేదు. హమాలీ బస్తా వంకరగా పెడితే వీధి చివరిదాకా నా గొంతు వినబడేది. అలాంటి నన్ను నడిబజార్లో నిలబెట్టి నోటితో కారు కూత కూయించిన మొనగాడు ఒకడున్నాడు. పేరు హరిలాల్. గూడూరు పోయే దారిలో రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్.

అప్పటికి నాకు పదేళ్ల పాత తెల్ల కారు ఉండేది. నడపడం వచ్చు, అంతే. బానెట్ ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో కూడా తెలియదు. ఆ మాటకొస్తే తెలుసుకోవాల్సిన ఖర్మ నాకేం పట్టింది అనుకునేవాణ్ణి. ఒకరోజు బండి ఏదో అరుస్తోందని అతని షెడ్డుకు తీసుకుపోయాను. తాళాలు చేతిలో పెట్టబోతే తీసుకోలేదు.

"ఏం చప్పుడైతుంది సేటు?"

"ఏందో చప్పుడు. నువ్వే సూస్కో."

"నేను సూసుడు తర్వాత. నువ్వు ఇన్నవు గదా, నోటితోని చేసి సూపియ్యి."

"ఏందిరా, ఆటలాడుతున్నవా నాతోని?"

"ఆట కాదు సేటు. దవాఖానకు పోంగనే పోరగానికి జ్వరం తగ్గుతది సూడు, గట్లనే నా ముంగట నీ బండి అరవది. నీకాడ అరిచింది, నువ్వే చెప్పాలె."

చుట్టూ పదిమంది చేరారు. టీ కొట్టువాడు గ్లాసులు కడగడం ఆపేసి మరీ చూస్తున్నాడు. సిగ్గు చంపుకుని "కుయ్య్య్..." అన్నాను.

"సన్నగనా, దొడ్డుగనా?"

"సన్నగ."

"పొద్దుగాల బండి తీయంగనేనా? వాన పడ్డనాడు ఎక్కువనా?"

"అవ్, వాన పడ్డనాడే."

"బస్. ఫ్యాన్ బెల్టు వదులైంది."

అప్పుడు గానీ బానెట్ ఎత్తలేదు. పావుగంటలో బిగించేశాడు. అంతటితో వదిలాడా? వదల్లేదు. నా వేలు పట్టుకుని ఆ బెల్టు మీద పెట్టించి, "నొక్కు. బొటనవేలు అంత లోపలికి పోతే మంచిగున్నట్టు. గంతకంటె ఎక్కువ పోతే నాకాడికి రా" అన్నాడు. వేలికి మసి అంటింది. ఇంటికొచ్చి అరగంట కడుక్కున్నాను, అతన్ని తిట్టుకుంటూ.

అతని పద్ధతే అంత. ఏం చప్పుడు, ఎప్పుడు, ఏం వాసన. ఈ మూడూ అడగనిదే పానా పట్టడు. బండి బాగయ్యాక కూడా ఒక ముక్క నేర్చుకుంటేనే తాళాలిచ్చేవాడు. క్లచ్ పెడల్ మీద కాలు తీయకుండా నడిపే పంతులుగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పి, "పంతులూ, గేరు మార్చినప్పుడే గా కాలు, లేకుంటే కింద పెట్టు, క్లచ్ పేట్లు అరుగుతయ్" అని చెప్పాడు. టైర్లలో గాలి ఎప్పుడూ చూసుకోని కాంట్రాక్టరుకు, పొద్దున బండి కదలకముందు చూడాలని, ఎండలో తిరిగొచ్చాక చూస్తే లెక్క తప్పు చెప్తుందని, నాలుగు టైర్లతో పాటు వెనకాల పడుకున్న స్టెప్నీకి కూడా ప్రాణం ఉంటుందని చెప్పాడు. బ్రేకు కీచుమంటే పేడ్లు అరిగిపోయినట్టు, ఇనుముకి ఇనుము రాసుకునేదాకా ఆగొద్దు అనేవాడు. అన్నింటికంటే ఎక్కువసార్లు అన్న మాట మాత్రం ఒకటే.

"డాక్టరుకు అబద్ధం చెప్పినా మందు పనిచేస్తదేమో సేటు. మెకానిక్‌కు చెప్తె బండి కదలదు."

ఈ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు, అదే నా కొంపముంచింది.

హరిలాల్ పుట్టింది గూడూరు అవతల ఒక లంబాడా తండాలో. ఐదో తరగతిలో బడి మానేసి, ఆంధ్రా వైపు ఒక పెద్ద షెడ్డులో పనికి కుదిరాడు. అక్కడ నోరు తెరిస్తే నవ్వేవాళ్లట. "గిట్ల", "గట్ల" అంటే చాలు, పెద్ద మేస్త్రీ సినిమాలో జోకర్‌లాగా అనుకరించి అందరికీ వినిపించేవాడట. ఆరేళ్లు ఉన్నాడు. ఒకసారి ఆ సంగతి నాకు చెబుతూ, "నవ్వుతరని నోరు మూసుకున్న సేటు. నోరు మూసుకుంటె చెవులు తెరుచుకున్నయ్. ఇంజన్లు ఇనుడు గప్పుడే నేర్చుకున్న" అన్నాడు. కసి లేకుండానే చెప్పాడు. నాకే, ఎందుకో, ఆ మేస్త్రీని పట్టుకుని రెండు పీకాలనిపించింది.

ఇక నా సంగతి. రెండు వేల పదకొండు ఎండాకాలంలో మా ఆవిడ సుగుణకు కిడ్నీలు పాడయ్యాయని తేలింది. దేవరుప్పుల ఆడపడుచు సుగుణ, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. నా కోపానికి విరుగుడు ఆమె నవ్వే. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, వరంగల్ దవాఖానలో రక్తం శుభ్రం చేయించాలన్నారు. నాలుగు గంటలు మిషన్ మీద పడుకోవాలి. ఒక్కసారి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, రెండుసార్లు తప్పితే ఊపిరి అందదు అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అప్పటినుంచి నా ప్రాణమంతా ఆ పాత కారులోనే ఉండేది. అది నడిస్తే సుగుణ ఉంటుంది.

సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతబడ్డాయి, బడులు మూతబడ్డాయి, వారం తిరక్కుండానే బస్సులు ఆగిపోయాయి. భూపాలపల్లిలో బొగ్గు గనుల్లోకి ఎవరూ దిగలేదు. మా దుకాణం కూడా మూసే ఉంచాం. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే నేనే రెండు బస్తాల బియ్యం పంపాను. నా కారు నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపించి టీజీ రాయించింది కూడా అప్పుడే. ఇంత చేసినవాణ్ణి, సమ్మె నా కారుదాకా వస్తుందని మాత్రం అనుకోలేదు.

మొదటిరోజే ఊళ్లోని మెకానిక్‌లంతా దీక్షా శిబిరం దగ్గర చేరారు. హరిలాల్ తన పానాల పెట్టె తెచ్చి అందరిముందు పెట్టాడు. పాత ఇనప్పెట్టె, మూత సరిగా పడదు. జేబులోంచి ఒక గుడ్డ తీశాడు. చనిపోయిన వాళ్లమ్మ ఓణీ ముక్క. ఎర్రగా, అంచంతా చిన్న చిన్న అద్దాలు కుట్టి ఉంది. దాంతో పెట్టెకు గట్టిగా ముడి వేసి, "సమ్మె అయిపోయేదాక గీ ముడి ఇప్ప. కలెక్టరు బండైనా, నా సొంత తమ్ముని బండైనా పానా ముట్ట" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చాక గానీ వెలగలేదు, శుక్రవారం బండికి ఏమన్నా అయితే దిక్కెవరని.

తెల్లారి పోయి మీద పడ్డాను.

"నీ ముడి నీకాడ పెట్టుకో. మా సుగుణ సంగతి నీకు తెల్వదా? ఆమె బండికి సుత సమ్మెనేనా?"

"తెలుసు సేటు."

"తెలిసి సుత గిట్ల చేస్తవా? నువ్వు మనిషివేనా?"

హరిలాల్ కోప్పడలేదు. స్టూలు చూపించి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"మా తమ్ముడు చందూలాల్ భూపాలపల్లిల బొగ్గు బాయిల పనిచేస్తడు. ఇద్దరు ఆడపిల్లలు. వాడు దిగుతలేడు. ఇయ్యాల నీకు ఇప్పితె రేపు ఇంకొకనికి ఇప్పాలె, అందరికి ఒక కత ఉంటది సేటు. నా ముడి వదులైతె వాని ముంగట ఎట్ల నిలవడాలె? కని ఒక్కటి ఇను. చేతులకు సమ్మె గని నోటికి లేదు. దినాం పొద్దుగాల గీడనే కూసుంట. ఏమైనా చెప్త. చేసుకునుడు నీ వంతు."

"నేను చేసుకునుడా?"

"అవ్ మరి. చేతులున్నయ్ గదా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అని తిట్టుకుంటూ వచ్చేశాను. వచ్చి ఏం చేశాను? బంధువుల ట్రాక్టరు డ్రైవరు దగ్గర పానాలు అడుక్కుని, మర్నాడు ఉదయం ఆ షెడ్డు ముందు నిలబడ్డాను. ఇంకేం గతి ఉంది?

నేనొక్కణ్ణే కాదు. మూసిన రేకు తలుపు ముందు రోజూ ఏడెనిమిది బండ్లు ఉండేవి. హరిలాల్ చేతులు కట్టుకుని స్టూలు మీద కూర్చునేవాడు, మేము బానెట్లు ఎత్తుకుని బడిపిల్లల్లా నిలబడేవాళ్లం. చేతులు ఎందుకు కట్టుకునేవాడంటే, మా చేతగానితనం చూస్తే అతని చేతులు ఆగేవి కావు. ఒకసారి నేను మరను తప్పు వైపు తిప్పుతుంటే లేచి వచ్చి, చెయ్యి సగందాకా చాచి, మళ్లీ వెనక్కి లాక్కున్నాడు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని "ఎడమకు, సేటు, ఎడమకు, నీ అవ్వ!" అన్నాడు. జీవితంలో నన్ను అంత మాట అన్నవాడు లేడు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది.

అలా ఆ మూడు వారాల్లో నేర్చుకున్నాను. బండి స్టార్ట్ చేస్తే టక్ టక్ మని ఆగిపోతే బ్యాటరీ కొత్తది కొనక్కర్లేదు, ముందు దాని మొనల మీద తెల్లగా పూసిన ఉప్పును వేడినీళ్లతో కడిగి, ఆరాక వ్యాజిలిన్ రాస్తే చాలు. ఇంజనాయిల్ పుల్లను ఒకసారి తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. మజ్జిగలాగా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టు, ఒక్క గజం కూడా నడపొద్దు. లైటు వెలగకపోతే ముందు ఫ్యూజు చూడాలి, కాబట్టి రెండు ఫ్యూజులు జేబులో ఉండాలి. బండి వేడెక్కి ముల్లు ఎర్రగీత వైపు పోతే వెంటనే పక్కకు ఆపాలి, రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. తొందరపడితే లోపలి ఆవిరి మొహం మీదికి చిమ్ముతుంది. నల్లబడ్డ చేతులతో ఇంటికొస్తే సుగుణ పడీపడీ నవ్వేది. "ఇరవై ఎనిమిదేండ్ల సంసారంల నా చీపురు సుత ముట్టనోనివి, గిప్పుడు గిదా?" అనేది.

మూడో వారంలో కారు కింద తడి కనబడింది. హరిలాల్ స్టూలు మీంచే వంగి చూసి, రేడియేటర్ పైపు దగ్గర కారుతోందని, క్లిప్పు బిగించమని చెప్పాడు. బిగించాను. "రేపు సూడు. ఇంక కారితె నాకు చెప్పు, పైపు మార్చుకుందువు. పసుపు గిట్ల ఎయ్యకు సేటు, నీ దుకాణంల బస్తాలున్నయ్ గదా అని" అన్నాడు, నవ్వుతూ. లారీలవాళ్లు రేడియేటర్ కారితే పసుపు వేయడం మామూలే. పసుపు చిన్న చిల్లులు మూసేస్తుంది. "కారుడు ఆగుతది, నిజమే. కని లోపల సన్న గొట్టాలు సుత మూసుకుపోతయ్. పుండు మానినట్టు కనబడి లోపల చీము పడుతది."

మర్నాడు చూస్తే రెండు చుక్కలు ఇంకా పడుతున్నాయి. అది బుధవారం. మంగళవారం బంద్ అని రోడ్లన్నీ తవ్వి, చెట్లు అడ్డంపెట్టి ఉంటే వరంగల్ పోలేకపోయాం. అంటే ఒకసారి తప్పింది. సుగుణ కాళ్లు ఉబ్బాయి. నాకేమో బుర్ర పనిచేయడం లేదు. హరిలాల్‌కు చెబితే పైపు విప్పమంటాడు, విప్పినది నాకు మళ్లీ బిగించడం రాకపోతే శుక్రవారం ఏం కావాలి? మా సరుకు తెచ్చే లారీ డ్రైవరు పదేళ్లుగా పసుపు వేస్తూనే ఉన్నాడు కదా, అతని లారీకి ఏమైంది? పైగా పసుపు వ్యాపారిని, నా ఇంటి సరుకు. మేలురకం. చిటికెడేం సరిపోతుందని రెండు గుప్పిళ్లు పోశాను. కారడం ఆగిపోయింది. గురువారం హరిలాల్ "ఎట్లుంది సేటు?" అని అడిగితే, తేలు కుట్టిన దొంగలాగా "మంచిగనే ఉంది" అన్నాను.

శుక్రవారం పొద్దున ఏడింటికి బయలుదేరాం. పది గంటలకు మిషన్ మనది. సుగుణకు పడుకుంటే ఊపిరి ఆడటం లేదని రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుంది. కారులోనూ నిటారుగా కూర్చుని, గట్టిగా ఊపిరి పీలుస్తోంది. గూడూరు దాటి కాస్త దూరం పోయామో లేదో, ముల్లు లేచింది. చూస్తుండగానే ఎర్రగీత తాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి.

పక్కకు ఆపాను. సుగుణ నా వైపు చూసింది, అంతే. ఆ దారిన బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఫోన్‌లో ఒక్క గీత సిగ్నలుంది. హరిలాల్‌కు కొట్టాను.

"ఏమైంది సేటు?"

"ఆగిపోయింది. ముల్లు పైకి పోయింది. గూడూరు దాటినం."

"మూత ముట్టలే గదా?"

"లే."

"ఇంజను బంద్ చేసినవా? బానెట్ లేపి దూరంగ నిలవడు. ఏం వాసన వస్తుంది?"

కేసముద్రం మార్కెట్టు ప్రాంతంలో పుట్టి పెరిగినవాణ్ణి, రైతులు పసుపు కొమ్ములు ఉడకబెట్టే వాసన నాకు తెలియకపోవడమేమిటి? రోడ్డంతా అదే వాసన.

"సేటు? ఏం వాసన?"

"పసుపు" అన్నాను. "పసుపు ఉడికిన వాసన. నేనే ఏసిన. అబద్ధం చెప్పిన నీకు."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును.

"ఎంత?"

"రెండు గుప్పిళ్లు."

"అక్క ఎట్లుంది?"

"ఊపిరి అందుతలేదు."

"నేను వస్తున్న. ముడి ఇప్పుత. పానాలు తెస్త."

ఆ మాట విని నాకు పట్టలేనంత ఊరట కలిగింది, నిజం చెబుతున్నాను. మూడు వారాలు ఆ ముడిని తిట్టని రోజు లేదు. కానీ సుగుణ వింటోంది. కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, అడ్డంగా ఊపింది. మాట రాక, ఆగి ఆగి, "వద్దు... తప్పు నీది. ఆయన ముడి... నీ తప్పుకు ఇప్పొద్దు" అంది.

నేను ఆ మూడు వారాలు ఆ స్టూలు ముందు నిలబడ్డవాణ్ణి. చంకల్లో చేతులు దాచుకున్న ఆ మనిషిని చూసినవాణ్ణి. ఆమె అన్నది అబద్ధమా?

"ఇప్పకు అన్నా" అన్నాను. అతన్ని "అన్నా" అనడం అదే మొదలు, నాకంటే పదేళ్లు చిన్నవాణ్ణి. "నువ్వు వచ్చేదాక ఊకె నిలవడుడు ఎందుకు? ఎట్లనో చెప్పు. నేనే చేస్త."

"చేస్తవా?"

"చేస్త. చేతులున్నయ్ గదా."

"సరే. ఇప్ప. ఎడమ దిక్కు తండ కనబడుతదా? హరిలాల్ చెప్పిండను, నీళ్లు తెమ్మను. మస్తు నీళ్లు గావాలె."

తండా నుంచి సోని అనే ముసలవ్వ, ఆమె వెనకాల నలుగురు ఆడవాళ్లు బిందెలెత్తుకుని వచ్చారు. నేను వివరం చెప్పబోతే ఆమె వినలేదు. కారులో సుగుణను చూడగానే విషయం అర్థమైంది. కొంగుతో ఆమెకు విసరడం మొదలుపెట్టింది.

అరగంట ఆగమన్నాడు హరిలాల్. ఆ అరగంట ఎలా గడిచిందో చెప్పలేను. తర్వాత మూత మీద తడిగుడ్డ మూడు మడతలు వేసి, కొద్దికొద్దిగా తిప్పమన్నాడు, బుస్సుమంటే ఆగమన్నాడు, చప్పుడు తగ్గాక మళ్లీ తిప్పమన్నాడు. మూత వచ్చింది. కింది పైపు క్లిప్పు వదులు చేయమన్నాడు. ఎడమకు. నాకిప్పుడు చెప్పక్కర్లేదు. పైపు ఊడదీసేసరికి పచ్చటి బురద నా మోచేతులదాకా కారింది. పైనుంచి బిందె పోయడం, కింద పచ్చగా రావడం. మళ్లీ బిందె. మళ్లీ పచ్చన. ఏడు బిందెలు పోశాం. ఎనిమిదోది పోశాక నీళ్లు నీళ్లలాగా వచ్చాయి.

"పైపు పెట్టి క్లిప్పు బిగించు. బిగించినవా? నిండ నీళ్లు పొయ్యి. ఇప్పుడు బండి తీసి, లోపల హీటరు పెద్దగ పెట్టు."

"హీటరా? ఈ ఎండల?"

"అవ్ సేటు. ఇంజను వేడిని లోపలికి గుంజుకుంటది. మీకు ఉడుకపోస్తది, ఇంజను బతుకుతది. అద్దాలు దించుకోండ్రి. నలభై దాటకు. ముల్లు లేస్తే ఆగు."

ఇంజను కూసింది. సోని అవ్వ రెండు చేతులూ పైకెత్తి వాళ్ల భాషలో ఏదో అంది. వరంగల్ దాకా నలభై మీద పోయాను, కళ్లు ముల్లు మీదే. హీటరు వేడికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. దారిలో రెండుచోట్ల రోడ్డు మీద కూర్చున్నవాళ్లు సుగుణ మొహం చూసి లేచి దారి వదిలారు. పదకొండున్నరకు చేరాం. నర్సు చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమని ఆ డాక్టరు నన్ను అడ్డంగా తిట్టాడు. చేతులు కట్టుకుని పడ్డాను.

సుగుణను మిషన్ మీద పడుకోబెట్టాక, కారులో నీళ్లు చూద్దామని గేటు దగ్గరికి వచ్చాను. నా కారు పక్కన చెట్టు నీడలో ఒక మోటారుసైకిలు ఆపి ఉంది. దాని పక్కన నేల మీద హరిలాల్ కూర్చుని ఉన్నాడు. ముందు పానాల పెట్టె. ముడి లేదు. అద్దాల గుడ్డ అతని చేతిలో ఉంది.

"ఇప్పనన్నవు గదా!"

"అన్న. నీకు గట్ల చెప్పంగనే ఇప్పిన." తల ఎత్తలేదు. "గూడూరు దాటినంక మీ బండి కనబడ్డది. గప్పటికే నువ్వు బిందెలు పోస్తున్నవ్. మూలమలుపు కాడ ఆగి, సూసుకుంట ఫోన్‌ల చెప్పిన. నువ్వు మంచిగనే చేస్తున్నవ్. అప్పటిసంది మీ ఎనకాలనే వచ్చిన, ఆగితె పానా ముట్టుదమని. ఆగలే." గుడ్డను చేతిలో నలుపుతూ, "చందూకు నేనే చెప్పుత. శిబిరంల సుత చెప్పుత, ముడి ఇప్పినని. అక్క పానం కంటె నాకు అది ఎక్కువ కాదు సేటు" అన్నాడు.

వెళ్లి అతని పక్కన ఆ మట్టిలోనే కూర్చున్నాను. ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు. టీ తెచ్చి ఇచ్చాను, అది చల్లారిపోయింది.

నాలుగు గంటల తర్వాత సుగుణ తనే నడుచుకుంటూ వచ్చింది. మొహంలో వాపు దిగింది, ఊపిరి సాఫీగా ఉంది. హరిలాల్ లేచి నిలబడ్డాడు. నేను సంగతి చెప్పాను. ఆమె పెట్టె వైపు, అతని వైపు చూసింది.

"పానా ముట్టినవా?"

"లే అక్క."

"మూత తెరిచినవా?"

"లే. ముడి ఇప్పిన గంతే."

"మరేం పోయింది? కట్టుకుంటె అయిపోయె. గుడ్డ ఇటు ఇయ్యి."

సూదులు తీసిన ఎడమ చేతికి మందమైన కట్టు ఉంది, ఆ చెయ్యి వంచకూడదన్నారు. కుడి చేత్తో గుడ్డను పెట్టె చుట్టూ తిప్పింది. "ఒక కొస పట్టుకోవయ్యా" అని నాకిచ్చింది. నా కొస నేను లాగాను, ఆమె కొస ఆమె లాగింది. ముడి పడింది. పసుపు అంటిన నా వేళ్ల మరకలు ఆ గుడ్డకు అంటుకున్నాయి. హరిలాల్ మొహం అవతలికి తిప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. సుగుణ అతని వీపు మీద చెయ్యి వేసి, "నడువ్. మా ఎనకాలనే రా. ఈ సేటు మీద నాకు ఇంకా నమ్మకం లేదు" అంది.

సమ్మె నలభై రెండో రోజున ఆగింది. ఆ సాయంత్రం హరిలాల్ పెట్టె ఎత్తుకుని మా ఇంటికి వచ్చాడు. తను విప్పలేదు. "కట్టినోళ్లే ఇప్పాలె" అని సుగుణ ముందు పెట్టాడు. ఆమె విప్పింది. గుడ్డ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "మా యాడిది. నీకాడ ఉండనియ్యి అక్క" అన్నాడు. వాళ్ల భాషలో యాడి అంటే తల్లి. తర్వాత మా వాకిట్లోనే కారు బానెట్ ఎత్తి, రేడియేటర్ మొత్తం దించి, నా పసుపును ఆఖరి రేణువుదాకా కడిగాడు. కడుగుతున్నంతసేపూ నన్ను తిట్టాడు. అంతవరకు బాకీ పెట్టుకున్నవన్నీ తిట్టాడు.

సుగుణ ఆ తర్వాత మూడేళ్లు ఉంది. రాష్ట్రం వచ్చిన రోజు మేం ముగ్గురం ఆ కారులోనే ఊరంతా తిరిగాం. ఆమె పోయిన రోజు, ఆ అద్దాల గుడ్డను ఆమెతోనే పంపుదామని చేతికి చుట్టబోయాను. హరిలాల్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్క గా ముడి ఏసింది నీ చేతులతోని బండి నడిచిననాడు. బండిలనే ఉండనియ్యి అన్నా" అన్నాడు. నన్ను సేటు అనకపోవడం అదే మొదలు.

ఆ గుడ్డ ఇప్పటికీ నా కారులోనే ఉంది.